చూసి రాసిందా, అనుకొని రాసిందా

వనపర్తిల మా విత్తనాల కంపెనీకి డేటా హెడ్డుగ వచ్చిన సారు, ఏ లెక్క ముందట పెట్టినా కళ్లద్దాలు తీసి అంగీ కొసతోని తుడుసుకుంట ఒకటే అడుగుతుండె. "ఇది చూసి రాసిందా, అనుకొని రాసిందా?" ఆయన కింద పనిచేసే నాకు అది ఇని ఇని యాష్టకొచ్చేది.

హైదరాబాదుల పెద్దాఫీసుకు ఏఐ పిచ్చి పట్టిన ఏడాది అది. ఏ ఊర్ల పత్తి విత్తనం ఎంత పండుతదో మిషినే ముందుగాల చెప్పాలె. ఫీల్డోళ్లు ఫోన్ల ఎక్కిచ్చిన చేన్ల వివరాలను, ఏ జాగల నింపిండ్రో ఫోను పట్టిన గుర్తులతోని, సారు ఒకనాడు మ్యాపు మీద పెట్టి చూసిండు. చేన్లన్నీ ఆత్మకూరు బస్టాండు పక్కన చాయ్ హోటల్లనే మొలిసి ఉన్నయి. సిగ్నలు అక్కడ మంచిగొస్తదని అందరు అక్కడనే కూసొని, యాదికున్నంత నింపిండ్రు.

సారు ఎవర్నీ తిట్టలే. "ఒక్క పంటకాలం ఇయ్యుండ్రి, చేన్లకు పోయి మళ్ల రాసుకొస్తం" అని పెద్దాఫీసును అడిగిండు. "అవి తర్వాత చూద్దాం, ముందు ఏఐ చూపించండి" అన్నరు వాళ్లు. పంట బ్రహ్మాండమని మిషిను చెప్పింది. ఆ మాట నమ్మి కంపెనీ ఇంత సరుకు ఇస్తమని బేరాలు ఒప్పుకున్నది. పంట రాలే. తప్పు సారు మీద పడ్డది.

ఆయన నౌకరి ఇడిసి పోయేనాడు బస్సు ఎక్కియ్యనీకి పోయిన. కిటికీ పక్కన కూసున్నడు, మొఖం పీక్కపోయి ఉన్నది.

"నాకేం పరేషాన్ లేదు. అంతా మంచిగనే అయితది."

"చూసి చెప్తున్నరా సార్, అనుకొని చెప్తున్నరా?"

కళ్లద్దాలు తీసిండు గని తుడువలే. బస్సు కదిలినంక గూడ అవి ఆయన చేతులనే ఉన్నయి.