ఐదు లక్షల కూలుంబుల మధ్యాహ్నం

మా పక్కింటి టీచరమ్మ మొన్న ఉదయం ఆసుపత్రిలో కన్నుమూశారు. అనకాపల్లిలో ఆవిడ దగ్గర ఫిజిక్స్ చదువుకున్నవాళ్లు ఈపాటికి వినే ఉంటారు. నాకైతే కబురు విన్నప్పటి నుంచి ఒకటే ఆలోచన. ఇకమీదట భయం వేస్తే ఎవరి గుమ్మం ఎక్కాలి?

తమాషా ఏమిటంటే, ఆవిడకు కరెంటంటే మహా భయం. ఉరిమితే చాలు, టీవీ ప్లగ్గు పీకేసి, మమ్మల్నీ పీకమని గోడ మీంచి కేకేసేవారు. క్లాసులో యూనిట్ లేని జవాబుకు సున్నా. "భయమేత్తే ఎయ్యనీ, యూనిట్ మాత్రం రాయి" అనేవారు పరీక్షల ముందు.

ఒక తుఫాను మధ్యాహ్నం స్తంభాలు కూలి కరెంటు పోయింది. రేపటిదాకా రాదన్నారు. అమ్మకు ఊపిరందించే ఆక్సిజన్ మెషిన్ ఇన్వర్టర్ మీద నడుస్తోంది. బ్యాటరీ మీద నూట యాభై ఆంపియర్ అవర్లని రాసి ఉంది. గంటకు మూడువేల ఆరువందల సెకన్లు కదా అని గుణిస్తే ఐదు లక్షల నలభై వేల కూలుంబులు వచ్చాయి. అంత పెద్ద అంకె చూసేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

టీచరమ్మ వానలో తడుస్తూనే వచ్చి, నా లెక్క చూశారు.

"అది చార్జి కదమ్మా. మెషిన్ తినీది ఎనర్జీ. వోల్టులేవి?"

బ్యాటరీ పన్నెండు వోల్టులది. నూట యాభైని పన్నెండుతో గుణిస్తే పద్దెనిమిది వందల వాట్ అవర్లు. కరెంటు బిల్లు లెక్కలో రెండు యూనిట్లు కూడా లేవు. మెషినేమో మూడువందల యాభై వాట్లది.

"కాగితం మీద ఐదు గంటలు. బ్యాటరీ పాతది, సగమే నమ్ము. ఫ్యాన్ కట్టీసి, ఆక్సిజన్ సిలిండర్‌కి ఇప్పుడే మనిషిని పంపు."

చెబుతుంటే ఆవిడ పెదవులు వణికాయి. నేను వెంటనే ఫ్యాన్ కట్టేసి, సిలిండర్‌కి మనిషిని పంపాను.

సిలిండర్ ఆటోలో వచ్చేసరికి ఇన్వర్టర్ కీచుమని అరుస్తోంది. బయట ఇంకా చీకటి కూడా పడలేదు. నా కూలుంబులను నమ్ముకుని కూర్చుంటే అమ్మ దక్కేది కాదు.

పోయిన వారం ఆసుపత్రిలో టీచరమ్మ ముక్కుకీ ఆక్సిజన్ గొట్టం పెట్టారు. నేను పక్కనే ఉన్నాను. ఉన్నట్టుండి లైట్లు ఆరి, జనరేటర్ మీద మళ్లీ వెలిగాయి. బెదిరిపోయి మెషిన్ మీద వాట్లు వెతికి, నోట్లోనే గుణించడం మొదలుపెట్టాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"లెక్కలు సాలమ్మా. నాకు భయమేత్తంది. సెయ్యి వొగ్గీకు."

లైట్లు నిలకడగా వెలుగుతున్నా ఆవిడ పట్టు సడలలేదు. నా వేళ్లు తెల్లబడేదాకా అలాగే పట్టుకుని ఉన్నారు.