చెరువు నడుమ

మిర్యాలగూడలో బియ్యం కొట్టు నడిపే సోమనాథానికి కూతుళ్లతో షికారంటే ఎంత ఇష్టమో అంత భయం. జ్వరం మందు, దెబ్బల పట్టీలు, రెండు జతల పొడి బట్టలు సంచిలో పెట్టుకుంటే గాని గడప దాటడు. దారిలో పది అడుగులకోసారి వెనక్కి తిరిగి పిల్లల్ని వేలుపెట్టి లెక్కపెడతాడు. ఉన్నది ఇద్దరే. ఆ ఆదివారం సూర్యాపేట చెరువులో పడవ ఎక్కగానే పెద్దది మేఘన, నాలుగేళ్ల ఆద్య వేసుకున్న లైఫ్ జాకెట్ల బకిళ్లు మూడుసార్లు లాగి చూశాడు. తీరా చెరువు నడిమికి వెళ్లాక ఇంజన్ ఆగిపోయింది. అతను వేలుపెట్టి పిల్లల్ని మళ్లీ లెక్కపెట్టాడు.

“ఏంగాదు సార్, ఇంజన్ కింది ఫ్యాన్‌కు నాచు సుట్టుకున్నది. తీస్త,” అన్నాడు పడవ నడిపే కుర్రాడు.

ఆద్య పక్కకు వంగింది. “డాడీ, నీళ్లు ముట్టుకుంట!”

వద్దనబోయి, ఆమె జాకెట్‌ను వెనకనుంచి గుప్పిట బిగించి పట్టుకున్నాడు. ఆద్య అరచేత్తో నీళ్లు కొట్టింది. చుక్కలు అతని కళ్లద్దాల మీద చిందాయి. అక్కాచెల్లెళ్లు పగలబడి నవ్వారు.

“అయిపోయింది సార్, పోదమా?”

ఆద్య ఇంకా నీళ్లు కొడుతూనే ఉంది. సోమనాథం గుప్పిట సడలలేదు.

“జర ఆగు తమ్మీ,” అన్నాడు.