నత్తి మాంత్రికుడు

డిగ్రీ చివరి ఏడాదిలో ప్రతి ఆదివారం మెట్టుగూడలోని మా మేడమీది గదిలో నలుగురు స్నేహితులం చేరేవాళ్ళం. పాచికలు వేస్తూ, వీరులుగా, మాంత్రికులుగా మారి కథ నడిపే ఆట మాది. నడిపించేది నేనే. మంత్రాన్ని తడబడకుండా పైకి చదవాలన్నది నేను పెట్టిన నియమం. ఇమ్రాన్‌కి నత్తి. అందుకే ఎప్పుడూ మాటలతో పనిలేని కత్తివీరుడినే ఎంచుకునేవాడు.

ఒక ఆదివారం స్పైరల్ బైండింగ్ చేయించిన పుస్తకం తెచ్చాడు. ఆటలోకి కొత్త పాత్రలు చేర్చే ఇలాంటి పుస్తకాలు బయటివాళ్ళు కూడా రాస్తుంటారు. ఇందులో ఒక నత్తి మాంత్రికుడున్నాడు. మాట ఎన్నిసార్లు ఆగితే అతని మంత్రానికి అంత బలం.

నాకు నవ్వాగలేదు. "ఎవడు రాసిండ్రా గిది? ఆట అసలు పుస్తకంలనే లేదు, నడ్వదు!" అన్నాను. మిగతా ఇద్దరూ నవ్వారు.

"నే... నే..." అన్నాడు ఇమ్రాన్.

"జెర జల్ది చెప్పు భయ్, ఆట షురూ చెయ్యాలె" అన్నాను.

వాడు లేచాడు. చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బల్లమీద వదిలేసిన పుస్తకం తెరిచాను. మొదటి పేజీలో మా ముగ్గురి పేర్లు, కింద ఒక వాక్యం: "నా మాట అయ్యేదాకా ఆగే దోస్తులకు. ఇమ్రాన్."

ఎన్నిసార్లు చేసినా వాడు ఫోన్ ఎత్తలేదు. తిరుమలగిరిలో వాళ్ళింటికి వెళ్తే, వాళ్ళమ్మ గుమ్మంలోనే, "వాడు ఎవ్వరితోని మాట్లాడ్తలేడు బేటా" అంది.

రెండేళ్ళయింది. ఆ రోజు వాడి మాట మధ్యలో ఆగలేదు. ఎవడు రాశాడని అడిగితే, "నేనే" అని చెప్పాడు. నేనే వినలేదు.