మంచు పోస్టులో రవ్వలడ్డూ

మేము పోస్టుకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. పదహారు వేల అడుగుల ఎత్తు. ఎండ ఉంది, వేడి లేదు. ఇసుక బస్తాల బంకరు, కిరోసిన్ స్టవ్, వైర్‌లెస్ సెట్టు. ఏడుగురం. మూడు నెలలు అక్కడే ఉండాలని ఆర్డరు.

అందులో తెలుగువాళ్లం ఇద్దరం. నాది పటాన్‌చెరు దగ్గర కర్దనూర్, వ్యవసాయ కుటుంబం. రెండోవాడు మా నర్సింగ్ అసిస్టెంట్. అందరం డాక్టర్ అనే పిలిచేవాళ్లం. వాడి తండ్రి ఫ్యాక్టరీ ఉద్యోగానికని కోస్తా నుంచి వచ్చి బీరంగూడలో స్థిరపడ్డాడు. మా ఇళ్ల మధ్య ఆటో దూరమే. కలిసింది మాత్రం ఆ మంచులో.

మా అమ్మ రవ్వ, నెయ్యి, కుడుకలు పంపింది. ఎండుకొబ్బరి చిప్పల్ని మావైపు కుడుకలంటారు. డాక్టర్ చూసి నవ్వాడు.

“రవ్వలడ్డూలోకి ఎండుకొబ్బరేంట్రా బాబూ? పచ్చికొబ్బరి కోరి వేస్తే కదా రుచి!”

“ఈడ పచ్చికొబ్బరి ఏడికెళ్లి తేవాలె? చెట్టెక్కుతవా?”

వాడి భార్యకు నెలలు నిండాయి. “సరేలే, కబురొచ్చిన రోజు చేసిపెట్టు. కుడుకైనా తింటా” అన్నాడు.

కబురొచ్చిన ఉదయం వాడు పోస్టులో లేడు. ముగ్గురితో కలిసి గస్తీకి వెళ్లాడు. సెట్టులో కింది బేస్ క్యాంపు పలికింది: “డాక్టర్‌కు ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. ఓవర్.”

వెంటనే గస్తీవాళ్లకు చెబుదామన్నాను. మా పోస్టుకు పెద్ద హవల్దార్ సాబ్. ఆయన వద్దన్నాడు.

“వాడు నడిచేది మంచు పగుళ్ల మీద. ఇల్లు గుర్తొస్తే అడుగు తప్పుతుంది. వచ్చాక చెబుదాం.”

ఆయన మాట సబబే. నాకు మాత్రం ఒళ్లు మండింది.

రెండింటికల్లా వాళ్లు తిరిగి రావాలి. ఒంటిగంటకే మంచుగాలి లేచింది. బయట చెయ్యి చాపితే చెయ్యి కనిపించలేదు. అప్పుడే సెట్టులో ఒక మాట: “ఒకడు జారాడు. కాలు విరిగింది. డాక్టర్ కట్టు కడుతున్నాడు.” ఆ తర్వాత గరగర తప్ప ఏమీ లేదు. వైర్‌లెస్ ఆపరేటర్ పిలుస్తూనే ఉన్నాడు. వెతకడానికి వెళ్తానన్నాను. గాలి తగ్గేదాకా ఎవరూ కదలొద్దన్నాడు హవల్దార్.

ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. స్టవ్ వెలిగించాను. నెయ్యిలో రవ్వ వేయించాను. కుడుక గడ్డకట్టి ఉంది, కత్తితో చెక్కి వేశాను. చక్కెర, వేడి నీళ్లలో కలిపిన పాలపొడి. ముద్దలు మాత్రం చుట్టలేదు. ఆ చలిలో చుట్టినవి చుట్టినట్టే రాళ్లవుతాయి. గిన్నెను సన్నమంట మీదే ఉంచి కలుపుతూ కూర్చున్నాను.

హవల్దార్ కిరోసిన్ డబ్బా వైపు చూశాడు. “ఇంకా ఎంతసేపు?”

“వాళ్లు వచ్చేదాకా, సాబ్.”

ఆయన డబ్బాను నా పక్కకు జరిపాడు.

కూతురు పుట్టిందని నాకు తెలుసు, కన్నతండ్రికి తెలియదు. తెలియకుండానే పోతే? ఆ ఆలోచన రాగానే గరిటె ఆగిపోయేది. అడుగంటుతున్న వాసన వస్తే మళ్లీ కలిపేవాణ్ణి.

పొద్దు గూకుతుండగా మంచు తెరల్లోంచి నాలుగు ఆకారాలు కనిపించాయి. ప్రాణం లేచొచ్చింది. గాయపడ్డవాణ్ణి ఇద్దరు మోస్తున్నారు. వెనక డాక్టర్, చేతులు చంకల్లో పెట్టుకుని. కట్టు కట్టడానికి గ్లవ్స్ తీశాడు, గాలి వాటిని ఎత్తుకుపోయింది. వేళ్లు మైనంలా తెల్లబడ్డాయి.

హవల్దార్ ఆ చేతుల్ని గోరువెచ్చటి నీళ్లలో పెట్టాడు. నేను చెంచాతో తీపి వాడి నోట్లో పెట్టాను.

“ఆడపిల్ల పుట్టిందిరా నీకు. ఇద్దరూ మంచిగున్నరు.”

వాడు నమిలాడు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. “బానే ఉందిరా నీ కుడుక” అన్నాడు. ఆ తర్వాత నీళ్లలోని చేతుల్ని చూసుకున్నాడు.

“ఎత్తుకోగలనంటావా?”

చలికి తెల్లబడ్డ మా కాళ్లూ చేతులూ చూసి ఏ వేలు నిలుస్తుందో చెప్పేవాడు వాడే. “ఎందుకెత్తుకోవ్ రా?” అన్నాను. అబద్ధమాడుతున్నానేమోనని భయమేసింది.

ఇంటికెళ్లాక ఎత్తుకున్నాడు, మోచేతుల మీద. ఆర్మీ ఆస్పత్రిలో రెండు చేతుల వేళ్లూ మొదళ్ల దాకా తీసేశారు.

నేనిప్పుడు కర్దనూర్‌లోనే ఉంటూ పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కాస్తున్నాను. పాపకు ఐదేళ్లు. ఒక సాయంత్రం బీరంగూడ దగ్గర తండ్రీకూతుళ్లు హైవే దాటబోతుంటే చూశాను. లారీలు ఆగకుండా పోతున్నాయి. ఆ మంచునంతా మరిచిపోయినా అప్పుడు చూసింది మరవలేను. పిల్లలెవరైనా రోడ్డు దాటేటప్పుడు నాన్న వేలు పట్టుకుంటారు. ఆ పిల్ల పైకి కూడా చూడకుండా, అలవాటుగా వాడి మణికట్టు పట్టుకుంది.