ఓదెలు మోసిన బండ

రాయమల్లు కాక నాతో మాట్లాడక ఏడు నెలలైంది. తిట్టినా బాగుండేది. తరలింపు కాలనీలో వాళ్ల గల్లీలోకి నేను అడుగుపెడితే చాలు, అరుగు మీంచి లేచి లోపలికి పోతాడు. కాక పెళ్లాం లస్మవ్వ చిన్నమ్మ మాత్రం "రా రమా, కూసో" అని కుర్చీ వేస్తుంది. ఆ తర్వాత చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంటుంది.

తప్పు నాది. సగం నాది. మిగతా సగం ఎవరిదో కూడా చెబుతాను, నాకేం భయం?

నేను గోదావరిఖనిలో సోషల్ టీచర్‌ని. పిల్లల చేత రాజుల పేర్లు, యుద్ధాల సంవత్సరాలు బట్టీ పట్టించే ఉద్యోగం. ఊళ్లో మా ఇంటికి మూడో ఇల్లు కాకది. ఆ ఊరి పేరు రాసి లాభం లేదు, ఇప్పుడది ఓపెన్‌కాస్టు బొగ్గుగని గుంత. బస్సు బోర్డు మీద నుంచి కూడా తీసేశారు.

కాక ఇరవయ్యో ఏట బొగ్గుబాయిలో దిగాడు. ముప్పై ఎనిమిదేండ్లు తట్ట మోశాడు, మొద్దులు మోశాడు. పైకప్పు నెత్తికి తగలకుండా వంగి నడిచీ నడిచీ, ఇప్పటికీ ఎంత ఎత్తు గుమ్మమైనా వంగే దాటుతాడు. అతన్ని బాయికి పంపింది తండ్రి ఓదెలు తాత. "దొర కిందికన్న భూమి కింద నయం. పో కొడుకా" అన్నాడట.

ఎందుకన్నాడో చెప్పాలంటే బండ సంగతి చెప్పాలి.

ఓదెలు తాత దొరకు వెట్టి చేసేవాడు. కూలి లేదు, గింజ లేదు, పిలిస్తే పోవాలి, అంతే. దొర ఎడ్లబండి ఎక్కి ఎటు పోయినా, దాని ముందు పరుగెత్తుతూ పోవడం అతని పని. ఒక ఎండాకాలం అట్లా పరుగెత్తుతూ దారిలో బావి కనిపిస్తే ఆగి దోసెడు నీళ్లు తాగాడు. ఎడ్లు ఆగాయి, దొరకు ఆలస్యమైంది. మర్నాడు పొద్దున్నే గడీకి పిలిపించి, ఆ కోటలాంటి ఇంటి వాకిట్లో తాతను వంగబెట్టి, ఇద్దరు పడితే గాని లేవని బండను వీపు మీద పెట్టించాడు. ఎండ నెత్తికెక్కేదాకా దించనివ్వలేదు. తాతకప్పుడు ఇరవై రెండేండ్లు. దోసెడు నీళ్లకు పూటంతా బండ! ఇది ఏ పుస్తకంలోనూ లేదు. నేను చెప్పే పాఠంలోనూ లేదు.

తర్వాత సంఘం వచ్చింది. జనం తిరగబడ్డారు. దొర చెప్పాపెట్టకుండా పట్నం పారిపోయాడు, భూములు మాత్రం అతని పేరు మీదే ఉండిపోయాయి. ఊరంతా గడీలో పడింది. ఒకరు వడ్ల బస్తా, ఒకరు ఇత్తడి గంగాళం, ఎవరికి దొరికింది వాళ్లు తెచ్చుకున్నారు. ఓదెలు తాత ఇంకో మనిషి సాయం పట్టి ఆ బండ ఒక్కటే ఇంటికి తెచ్చాడు. పెళ్లాం సమ్మవ్వ నెత్తి కొట్టుకుందట.

"అందరు వడ్లు దెస్తె నువ్వు రాయి దెచ్చినవా? వండుకొని తింటమా దీన్ని?"

"ఇన్నొద్దులు ఇది నా మీద కూసున్నది. ఇగ మనం దీని మీద కూసుందం" అన్నాడు తాత.

పెరట్లో స్నానాలు చేసే జాలారిలో పరిచాడు. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ తొలి నీళ్లు దాని మీదే. పెళ్లి నీళ్లు దాని మీదే. డ్యూటీ దిగి నల్లగా వచ్చిన కాక, ఒంటి మీది బొగ్గంతా కడుక్కున్నదీ దాని మీదే. చివరికి ఓదెలు తాత శవాన్ని కూర్చోబెట్టి నీళ్లు పోసిందీ దాని మీదే. డెబ్బై ఏండ్లకు పైగా తొక్కి తొక్కి పైభాగం అద్దంలా నున్నబడింది. చిన్నప్పుడు నేనూ ఆ బండ మీద జారిపడి మోకాలు పగలగొట్టుకున్నదాన్నే.

ఊరు ఖాళీ చేయించినప్పుడు జనం తలుపులు, దూలాలు తెచ్చుకున్నారు. కాక బండను ఊడబెరికి ట్రాలీ ఆటోలో తెచ్చాడు. తండ్రికి తగ్గ కొడుకు! కాలనీ ఇంట్లో బాత్‌రూముకు టైల్స్ వేసి ఉన్నాయి, పరచడానికి చోటు లేదు. ప్రహరీకి ఆనించి నిలబెట్టాడు. వానలు పడ్డాయి. ఇన్నేండ్లూ మట్టిలోకి ఉన్న వైపు కడుక్కుపోయి, ఒకరోజు లస్మవ్వ చిన్నమ్మకు గీతలు కనిపించాయి. "రమా, గీ బండ కింద ఏందో రాసున్నదే" అని నాకు ఫోన్ చేసింది.

పాత అక్షరాలు. నాకు చదవడం రాలేదు గాని కాళ్లు నేల మీద నిలవలేదు. ఫోటోలు తీసి చరిత్ర సమితికి పంపాను. టౌనులో వాళ్లు కొత్తగా మ్యూజియం పెడుతున్నారు. కార్యదర్శి వేణుమాధవ్ మర్నాడే వచ్చాడు. అక్షరాల్లో సుద్దపొడి అద్ది, తెల్లగా తేలినవాటిని వేలితో చూపిస్తూ చదివాడు. ఎనిమిది వందల ఏండ్ల నాటి శాసనమట. ఎవరో సామంతుడు గుడి దీపానికి భూమి దానమిచ్చాడట. ఆ భూమిని దున్నే పది ఇండ్లవాళ్లతో సహా.

"ఆ పది ఇండ్లోళ్ల పేర్లున్నయా సారూ?" అని అడిగాడు కాక.

"వాళ్ల పేర్లెందుకుంటాయి?" అని నవ్వాడు వేణుమాధవ్. నేనూ నవ్వాను. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కాక నవ్వలేదు. "బండ ఇస్త. నాకు పైసలద్దు. మా బాపు పేరు రాయాలె. ఎందుకు మోసిండో రాయాలె" అన్నాడు.

"తప్పకుండా పెద్దమనిషీ. రమ మేడమే రాసిస్తారు."

వేణుమాధవ్ వెళ్లాక కాక నన్ను పక్కకు పిలిచాడు. "మా బాపు సమాధి గుంతల వడ్డది బిడ్డా. ఇల్లు వాయె, ఊరు వాయె. ఆయిన పేరు ఇంకెక్కడున్నదో చెప్పు? నేను సస్తె అదీ పాయె. ఒక్క తాన రాసుంటె సాలు."

రాసిచ్చాను. ఓదెలు పేరు, బావి, దోసెడు నీళ్లు, బండ, అన్నీ పన్నెండు లైన్లలో. రెండ్రోజుల తర్వాత సమితి కాగితం తెచ్చారు. నేనే చదివి వినిపించాను. వస్తువు పేరు, దొరికిన చోటు, అప్పగించినవారి సంతకం. 'దాత పేరు' అన్న చోట ఏమీ రాయలేదు. "ఇక్కడ ఖాళీ ఉంది గదా సార్" అన్నాను. "ఆఫీసులో నింపుకుంటాం మేడం, సంతకం చేయించండి, ఆటో వెయిటింగ్" అన్నాడు వేణుమాధవ్. ఖాళీ వదిలిన పిల్లలకు మార్కులు కోసేదాన్ని, సరేలే అనుకున్నాను. కాక సంతకం పెట్టాడు.

ప్రారంభం రోజు కాక ఇస్త్రీ చొక్కా వేసుకుని, లస్మవ్వ చిన్నమ్మను తీసుకుని, అందరికంటే ముందు వచ్చాడు. మ్యూజియం మేడ మీద. బండ ఇంకా కిందే ఉంది. ఇద్దరు హమాలీలు చెరో వైపు పట్టుకున్నారు గాని మెట్ల మలుపు దగ్గర తిరగడం లేదు. అతిథులు వచ్చే వేళైంది, వేణుమాధవ్ పైనుంచి "జల్ది, జల్ది" అని అరుస్తున్నాడు.

"గట్ల గాదు. ఒక్కని వీపు మీదైతెనే మలుగుతది. బాయిల మొద్దులు గట్లనే మోసేటోళ్లం" అంటూ కాక చొక్కా విప్పి లస్మవ్వ చిన్నమ్మ చేతికిచ్చాడు. వంగాడు.

"కాకా, వద్దు. అరవై ఏడేండ్లు నీకు" అన్నాను.

"ఏంగాదు బిడ్డా. మా బాపు పొద్దంత మోసిండు. నేను ఇరవై మెట్లు ఎక్కియ్యనా?" అని నవ్వాడు.

బండ వీపు మీద పెట్టారు. హమాలీలు వెనక పట్టుకున్నారు. ఒక్కో మెట్టుకు ఆగుతూ, చెమట కారుతూ, ఎక్కాడు. పైన కుర్చీలో తెల్లబట్టల పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. "అరే, జాగ్రత్త! అక్షరాలు గీసుకుపోతాయి" అన్నాడు. ఆయన జగదీశ్వర్ రావు, ఆ దొర మనుమడు. మ్యూజియానికి అద్దాలు, లైట్లు ఇప్పించింది ఆయనే. ఆ సంగతి నాకప్పుడే తెలిసింది.

బండను గోడకానించి నిలబెట్టారు. మళ్లీ సుద్ద అద్దిన అక్షరాలు ముందుకు, మా పాదాలు తొక్కిన నున్నటి వైపు గోడకు. పక్కనున్న బోర్డు మీది తెర తీశారు. చప్పట్లు.

కాక చదివింది ఐదో తరగతి. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు. సామంతుడి పేరు వచ్చింది. దీపం వచ్చింది. భూమి వచ్చింది. నా పన్నెండు లైన్లలో ఒక్క లైను లేదు. ఆఖర్న 'దాత: శ్రీ జగదీశ్వర్ రావు గారు, తమ పూర్వీకుల గడీ నుంచి' అని ఉంది. కాక వేలు మళ్లీ పైకి పోయింది. మొదటి నుంచి మళ్లీ చదివాడు.

"ఓదెలు ఏడి?" అన్నాడు.

నేను వేణుమాధవ్ మీదికి లేచాను. ఆయన నన్ను పక్కకు లాగి మెల్లగా చెప్పాడు. "పాత గొడవలు ఇప్పుడెందుకు మేడం? అయినా బండ గడీది. మీవాళ్లు ఎత్తుకొచ్చింది. దొంగసొత్తుకు దాత ఉంటాడా? ఇంకొకరైతే కేసు పెట్టేవాళ్లు."

ఆయన మెల్లగానే అన్నాడు గాని కాక విన్నాడు. బల్ల మీద అతిథులకు పెట్టిన నీళ్ల బాటిల్ తీసి, మూత తిప్పి, బండ మీద పోశాడు. రెండోది తీశాడు, అదీ పోశాడు. సుద్ద అంతా పాలలాగా కారి నేల మీద పడింది. తెల్లటి అక్షరాలు ఒక్కటీ మిగల్లేదు. తడి రాయి ఒకటే. జగదీశ్వర్ రావు కుర్చీలోంచి లేచాడు. "ఏయ్, ఎవరు ఈయన? పట్టుకోండి!"

"ఎవ్వల్ని గాను. మా బాపు ఆగింది దోసెడు నీళ్లకే దొరా" అన్నాడు కాక.

హమాలీలే చెరో రెక్కా పట్టుకుని కిందికి తెచ్చారు. పైన ఎవరో గుడ్డతో బండ తుడుస్తున్నారు. వేణుమాధవ్ సుద్దపొడి అడుగుతున్నాడు. లస్మవ్వ చిన్నమ్మ "సొమ్మొకడిది, సోకొకడిది! వాళ్ల నోట్లె మన్ను వడ" అని మేడ వైపు చూసి ఏడుస్తూ తిడుతోంది. కాక చొక్కా తొడుక్కోలేకపోతున్నాడు, చేతులు వెనక్కి పోవడం లేదు. వీపంతా కమిలి ఎర్రగా ఉంది. నేను సాయం పట్టబోతే నా చేయి పక్కకు పెట్టాడు.

కోపంగా చూడలేదు. పాఠం అర్థం కాని పిల్లాడు అడిగినట్టే అడిగాడు.

"నువ్వు సదువుకున్నదానివి గద బిడ్డా. ఆ జాగ ఖాళీగ ఎట్ల ఇడిసినవ్?"

నాతో అతను మాట్లాడిన ఆఖరి మాట అదే.