ఆశలు తగ్గించే బావ

బావకు ఉన్న జబ్బు ఒక్కటే. దేనిమీదా ఎవరినీ ఆశ పెట్టుకోనివ్వడు. ఎవరి మొహంలోనైనా కాస్త సంబరం కనిపించిందంటే చాలు, ఎక్కడున్నా వచ్చి దానిమీద చెంబుడు చన్నీళ్ళు చల్లి వెళ్తాడు.

భోజనానికి పిలిచిన చుట్టాలకు గుమ్మంలోనే చెప్పేస్తాడు. "పాపం పొద్దుటినుంచీ కష్టపడుతోంది గానీ, వంట కుదిరినట్టు లేదు. ఏమనుకోకుండా సర్దుకోండి." లోపల అక్క గరిటె పట్టుకుని పళ్ళు నూరుతుంది. వచ్చినవాళ్ళేమో మొదటి ముద్దకే కళ్ళు పెద్దవి చేసి, "అదేంటండీ, ఇంత బాగుంటేనూ" అంటూ మారు వడ్డించుకుంటారు. పెళ్ళికి ముందు అత్తమామల దగ్గర కూడా ఇదే తంతు. "నేనంత గొప్పవాణ్ణేం కాదు, ఇంకో రెండుచోట్ల చూసుకోండి" అన్నాడట. ఇంత నిజాయితీపరుడు మళ్ళీ దొరకడని వాళ్ళు ఆ వారమే పెళ్ళి ఖాయం చేసేశారు. అక్క ఆ సంగతి ఇప్పటికీ క్షమించలేదు.

రక్తపరీక్షలు చేసే చోట రక్తం తీయడం బావ ఉద్యోగం. వచ్చినవాళ్ళ చేతికి పట్టీ బిగిస్తూ, "చాలా నొప్పి పుడుతుంది. ఏడుపొస్తే ఏడవండి, ఇక్కడెవరూ ఏమీ అనుకోరు" అంటాడు. వాళ్ళు కళ్ళు గట్టిగా మూసుకుని ఇంటిల్లిపాదినీ తలుచుకుంటూ ఉండగానే పని అయిపోతుంది. దూది పెట్టి చెయ్యి మడిచాక కూడా, "ఎప్పుడు గుచ్చుతారండీ?" అని అడిగినవాళ్ళున్నారు.

ఇలాంటి బావకూ, అతని బావమరిదికీ చుట్టరికం కంటే గట్టి ముడి ఇంకొకటి ఉంది. అది ఓ అంతరిక్ష నౌక. డొక్కు నౌక, దాన్ని నడిపే మొండి కెప్టెన్, వాళ్ళ సాహసాలు, వెరసి ఆరు సినిమాలు. ఆ నౌక తలుపు ఏనాడూ తిన్నగా తెరుచుకోదు. శత్రువులు వెంటపడుతున్నా సరే, కెప్టెన్ భుజంతో ఓ దెబ్బ వేస్తేనే కదులుతుంది. ఆ దెబ్బ కోసం ప్రాణం పెట్టేవాళ్ళంతా కలిసి ఓ అభిమాన సంఘం పెట్టుకున్నారు. ఇస్త్రీ షాపు మేడ మీద, వేలాడే కోట్ల మధ్య తలలు వంచుకుని కూర్చుని, ఎదిగిన పిల్లలున్న పెద్దమనుషులు ఆదివారం పూట ఆ తలుపు గురించి వాదించుకుంటారు. బావతో పాటు బావమరిది కూడా అందులో ఒకడు. వాడికి పిల్లలు లేరు గనుక ఆ మాత్రం సిగ్గు కూడా లేదు.

ఈ సంఘం పౌరుషం మామూలుది కాదు. నాలుగో సినిమాలో కెప్టెన్ కొత్త బూట్లు వేసుకున్నాడని వరుస వరుసంతా లేచి బయటికి వచ్చేసింది. మర్నాడు ఎవరికి వారు, మిగతావాళ్ళకు తెలియకుండా, మిగిలిన సగం చూద్దామని వెళ్ళారు. విరామంలో దీపాలు వెలిగేసరికి అందరూ అక్కడే ఉన్నారు. ఎవరూ ఎవరినీ పలకరించుకోలేదు.

అలా ఉండగా ఏడో సినిమా ప్రకటించారు. ఇందులో నటులు లేరు, అంతా కంప్యూటర్లో చేసిన బొమ్మలే. సంఘంలో గగ్గోలు పుట్టింది.

"కెప్టెన్ని బొమ్మను చేస్తారా? రేపు చిన్నపిల్లల పెన్సిల్ డబ్బాల మీద వేస్తారు" అన్నాడు సంఘం అధ్యక్షుడైన లెక్కల మాస్టారు.

"మీ పెన్సిల్ డబ్బా మీద ఇప్పటికే ఉన్నాడు కదండీ" అంది పళ్ళ డాక్టరమ్మ.

"అది వేరు. బొమ్మయినా సరే, బుగ్గ మీద మచ్చ ఉండాలి, ఇంజను దగ్గాలి. తలుపు గానీ తేడాగా తెరుచుకుందా, అందరం లేచొచ్చేద్దాం. ఈసారి మర్నాడు వెళ్ళడాలు కూడా లేవు."

అందరూ సరేనన్నారు. బావమరిది అందరికంటే గట్టిగా అన్నాడు. ఎందుకంటే ఆ తలుపు చేస్తున్నవాడు వాడే.

బొమ్మల సినిమాలు చేసే కంపెనీలో వాడికి ఉద్యోగం. ఏం చేస్తున్నారో ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పకూడదని కంపెనీ ఒట్టు వేయించుకుంది. చెప్పేందుకు ఏముంది గనక. సినిమాలవాణ్ణని వీధంతా ఛాతీ విరుచుకు తిరిగే మనిషి నెలల తరబడి చేసిందల్లా ఒక తలుపు. అదీ బయటివైపు మాత్రమే. లోపలివైపు ఇంకొకతను చేశాడు. ఆఫీసులో వాణ్ణి అందరూ "తలుపూ" అని పిలిచేవారు, వాడు పలికేవాడు.

కంప్యూటర్లో తలుపు తెరవడం సులువే, అతుక్కుపోయేలా చేయడమే కష్టం. ఎలా చేసినా అది బ్యాంకు తలుపులా హుందాగా తెరుచుకునేది. చివరికి వాడికి అక్కావాళ్ళ బాత్రూం తలుపు గుర్తొచ్చింది. తేమకు ఉబ్బిపోయి, కింది మూల నేలకు పట్టేసి, రెండుసార్లు గడగడలాడి, ఉన్నట్టుండి వదిలేసే రకం. ఫోన్లో వీడియో తీసుకుంటూ దాన్ని భుజంతో గుద్దడం మొదలుపెట్టాడు.

బావ పేపరు పక్కన పెట్టి వచ్చాడు. "లోపల ఎవరూ లేరురా."

"తెలుసు బావా."

"మరి ఎందుకు గుద్దుతున్నావు?"

"ఊరికే. వ్యాయామం."

బావ వాడి భుజం వంక, ఫోను వంక చూసి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి గడియ ఊడింది. బావే దాన్ని మళ్ళీ బిగించుకున్నాడు.

కొన్నాళ్ళకు ట్రైలర్ వచ్చింది. ఇస్త్రీ షాపు మేడ మీద మాస్టారి ల్యాప్‌టాప్ చుట్టూ అందరూ మూగారు. తలుపు అలా కనిపించి ఇలా మాయమైంది. బావ మళ్ళీ వేయమన్నాడు. ఆపి ఆపి చూశాడు. తరవాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "దీనిమీద ఎవరూ ఏ ఆశా పెట్టుకోకండి. పోయిందీ సినిమా" అన్నాడు.

బావమరిది వేలాడే కోట్ల వెనక్కి జరిగాడు.

అక్కడితో ఆగితే బావ ఎందుకవుతాడు. ఆ రోజునుంచీ ఇదే ప్రచారం. రక్తం తీస్తూ పేషెంట్లకు చెప్పాడు. బస్టాపులో ముక్కూ మొహం తెలియనివాళ్ళకు చెప్పాడు. సంఘంలో ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి మరీ చెప్పాడు. "వెళ్తే వెళ్ళండి. రెండు గంటలు చల్లగా కూర్చున్నట్టుంటుంది. అంతకుమించి ఏమీ అనుకోవద్దు." రాను రాను మాస్టారు మచ్చ సంగతి మానేశాడు, డాక్టరమ్మ ఇంజను దగ్గు ఊసు మానేసింది. బావమరిది అన్నం మానేశాడు.

"సినిమా బాగోకపోతే నీకేం పోయిందిరా?" అంది అక్క.

ఏం పోతుందో వాడికే తెలుసు. చిన్నప్పటినుంచీ ప్రేమించిన నౌకకు తన చేత్తో ఒక తలుపు పెట్టాడు. దాన్ని చూసి తనవాళ్ళే లేచి వెళ్ళిపోతే ఇక ఆ ఉద్యోగం చేయలేడు. రాజీనామా కూడా మనసులో రాసేసుకున్నాడు. అందులోనూ తన గొప్పలే ఎక్కువున్నాయని వాడికే అనిపించింది. బావ మీద మాత్రం పీకల్దాకా కోపంగా ఉంది.

విడుదల రోజు సంఘమంతా పరామర్శకు వచ్చినట్టు మొహాలు వేలాడేసుకుని ఒకే వరుసలో కూర్చుంది. బావమరిది బావ పక్కన కూర్చున్నాడు. కోపం కోపమే, సీటు సీటే. తలుపు సీను రాగానే ఆ కోపం కూడా మరిచిపోయి బావ చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు.

వెనక శత్రువులు. కెప్టెన్ భుజంతో ఒక దెబ్బ వేశాడు. కింది మూల పట్టేసింది. ఇంకో దెబ్బ. తలుపు గడగడలాడి ఉన్నట్టుండి వదిలేసింది, కెప్టెన్ బోర్లా లోపలికి వెళ్ళి పడ్డాడు. తరవాత మాస్టారు పగలబడి నవ్వాడు. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. ఇంకెవరో ఈల వేశారు. ఒక్కరూ లేవలేదు. బావమరిదికి కళ్ళనిండా నీళ్ళు తిరిగి, తన తలుపు తనకే సరిగ్గా కనబడలేదు.

బయటికొచ్చాక అందరూ బావ మీద పడ్డారు. "మీ మాట విని రాకపోయుంటే ఎంత నష్టపోయేవాళ్ళం. ఇంత మంచి సినిమాని పట్టుకుని అంత మాటంటారా?" అన్నాడు మాస్టారు. బావ తల వంచుకుని అన్నీ పడ్డాడు. వాళ్ళు తిట్టి తిట్టి, మళ్ళీ పిల్లల్ని తీసుకొద్దామనుకుంటూ వెళ్ళిపోయారు.

బావమరిదికి అప్పుడు వెలిగింది. "బావా, నీకు ముందే తెలుసా?"

"నా బాత్రూం తలుపుని నేను పోల్చుకోలేనా? రోజూ దాంతో పోట్లాడేవాణ్ణి."

"మరి తెలిసి కూడా ఊరంతా తిట్టుకుంటూ తిరిగావేం?"

"నీది కాబట్టే తిట్టాను. అంతమందీ కొండంత ఆశతో వచ్చి కూర్చుంటే ఆ బరువుకి నీ ఒక్క తలుపు ఆగుతుందట్రా?"

బావమరిది ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్న కోపం ఏమైందో వెతుక్కున్నాడు, దొరకలేదు. చివరికి అడగాల్సింది అడిగాడు. "అది సరే, నీకు నచ్చిందా?"

బావ ఇబ్బందిగా మొహం తిప్పుకున్నాడు. "నిజం చెప్పమంటావా? నాకు అంతగా నచ్చలేదురా."

"తలుపా?"

"అంతా. నీ పని అని తెలిసిన దగ్గర్నుంచీ ఎంత ఆశ పెట్టుకున్నానో. వాళ్ళందరి దగ్గరా మాన్పించిన ఆశ ఎక్కడికి పోతుంది, అదీ నా దగ్గరే ఉండిపోయింది. అంత ఆశకు ఏ సినిమా ఆనుతుంది చెప్పు." అని జేబులోంచి రేపటి ఆటకు టికెట్ తీసి చూపించాడు. "అందుకే మళ్ళీ వస్తున్నాను. ఇవాళతో ఆ ఆశంతా తీరిపోయింది కదా, రేపు బ్రహ్మాండంగా ఉంటుంది."

"నేనూ వస్తా బావా."

"నువ్వొద్దు" అన్నాడు బావ, చొక్కా చెయ్యి పైకి మడిచి ఐదు వేళ్ళ గుర్తులు చూపిస్తూ. "ఊరందరికీ నొప్పి ఉంటుందని ముందే చెప్పేవాణ్ణి. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు."