చిట్టెమ్మ కూర్చున్న చాదర్

ట్రంకుపెట్టె మూత ఎత్తగానే ముందు కలరా ఉండల ఘాటు ముక్కుకి తగులుతుంది, కాస్త ఆగాక మడతల్లోంచి పాత అత్తరు వాసన సన్నగా వస్తుంది. ఆకుపచ్చ పట్టు చాదర్, అంచుకి వెండిజరీ, మధ్యలో ఎన్నిసార్లు ఉతికినా పోని బురద మరక. దర్గాకి వెళ్ళవలసిన చాదర్ ఇది. తాడేపల్లిగూడెంలో మా ఇంటికి ఆదివారం మధ్యాహ్నాలు ప్రవక్తగారి జీవితం చదువుకోవడానికి వచ్చే పిల్లలకి దీని సంగతి ఎప్పుడూ చెప్పలేదు. వాళ్ళ ధ్యాసంతా క్విజ్ పోటీల మీదే. తండ్రి పేరేమిటి, పాలిచ్చిన తల్లి పేరేమిటి, చిన్నప్పుడు ఏం కాసేవారు, టకటకా అప్పజెబుతారు. మంచిదే. నాకు మాత్రం ఆ కథ అలా రాలేదు.

మేము దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నమాజులో చదివేది తప్ప మాకు అరబ్బీ ముక్క రాదు. కైకలూరు బజారులో నాన్నకి పరుపుల కొట్టు ఉండేది. నన్ను కని మా అమ్మ కళ్ళు మూసింది. మా వీధిలో చేపలమ్మే చిట్టెమ్మ, పురిట్లో బిడ్డ పోయి పాలు గడ్డకట్టి బాధపడుతున్న మనిషి, గుమ్మంలో నా ఏడుపు విని, బుట్ట దించి, చేతులు కడుక్కుని నన్ను ఒళ్ళోకి తీసుకుందట. ఆమెకి లంకలో మొగుడున్నాడు, వలలున్నాయి, బాతులున్నాయి. ఊళ్ళో ఉండిపోవడం కుదిరే పని కాదు. అందుకని నాన్నమ్మ నన్ను మెత్తటి పాతచీరలో చుట్టి, తాటిదోనెలో ఆమెతో కొల్లేటి లంకకి పంపేసింది. పలక పట్టే వయసు వచ్చాకే మళ్ళీ తెచ్చుకున్నారు. ఆ తరవాత కూడా సెలవులిస్తే చాలు, నేను లంకలోనే.

లంక అంటే నాకు ముందు గుర్తొచ్చేది చప్పుడు. తెల్లారకముందే బాతుల గోల, కిక్కిస పొదల్లోంచి పేరు తెలియని పిట్టల అరుపులు, దోనె అడుగున నీళ్ళు కొట్టుకునే శబ్దం, వాటన్నిటి మీదా చిట్టెమ్మ కేకలు. వానాకాలం గుమ్మం దాకా నీళ్ళొచ్చేవి, మేము పిల్లలం గడపమీద కూర్చుని కాళ్ళు వేలాడేసి చిన్నచేపలు వేళ్ళు కొరుకుతుంటే కితకితలకి నవ్వుకునేవాళ్ళం. చలికాలం పొయ్యి పక్కన కాల్చిన ఇంగిలాయి చేప, వేడివేడి అన్నం, చింతకాయ పచ్చడి. ఎండాకాలం నీళ్ళు వెనక్కిపోయి బురద ఎండి, పగుళ్ళిచ్చి, కాలు పెడితే సుర్రుమనేది. ఆ పగుళ్ళ మధ్య ఇరుక్కున్న నత్తగుల్లలు ఏరుకుని గచ్చకాయలు ఆడుకునేవాళ్ళం. చిట్టెమ్మని అమ్మా అనే పిలిచేదాన్ని. ఇంకేమని పిలుస్తాను?

ప్రవక్తగారు పుట్టిన మీలాదు నెల వచ్చిందంటే నాన్నమ్మ సాయంత్రంపూట సాంబ్రాణి వేసి, దూది బస్తాల మధ్య మా ఇంటి పిల్లలందర్నీ కూర్చోబెట్టి ఆయన చిన్నతనం చెప్పేది. “ఆయన పుట్టకముందే నాన్న పోయారు. ఆరేళ్ళకి అమ్మ పోయింది. నీకు నాన్నున్నాడు, నేనున్నాను. ఇంక మూతి ముడుచుకోవడం ఎందుకే?” అని మధ్యలో నాకో చురక. పట్నం బిడ్డల్ని పాలకోసం ఎడారిపల్లెలకి పంపే ఆచారం ఆ రోజుల్లో ఉండేదట. తండ్రిలేని బిడ్డని చూసి మిగతా దాదులు మొహం తిప్పుకుంటే హలీమా తల్లి తీసుకెళ్ళిందట. ఎడారి అంటే నాకు ఎండిన కొల్లేరే కనపడేది.

“దోనెలో తీసుకెళ్ళిందా?” అని అడిగాను.

“నీళ్ళుంటేగదే దోనె! గాడిదమీద.”

గాడిదని ఒప్పుకున్నాను గానీ, నా మనసులో హలీమా తల్లి మోకాళ్ళదాకా చీర ఎగ్గట్టే ఉండేది. ప్రవక్తగారి తాతగారి కథ ఇంకా ఇష్టం. కాబా నీడలో ఆయన కోసం పరిచిన పరుపుమీద కొడుకులు కూడా కూర్చునేవారు కారట. ఈ చిన్నమనవడు వెళ్ళి దర్జాగా ఎక్కి కూర్చుంటే బాబాయిలు లాగబోయారట, తాతగారు “వదిలెయ్యండి, కూర్చోనివ్వండి” అన్నారట. పరుపులవాళ్ళ పిల్లలం కదా, ఆ పరుపు దూదిదా ఉన్నిదా అని మేము గంటసేపు వాదులాడుకున్నాం.

నేను రెండో తరగతిలో ఉండగా, మీలాదు రోజున ఇంటినిండా ఆడవాళ్ళు. మలీదా కోసం రొట్టెలు చిదిమి బెల్లం కలుపుతుంటే ఇల్లంతా నెయ్యి వాసన. దర్గాకి పంపే చాదర్‌ని పూలతో పళ్ళెంలో పెట్టారు. నాన్నమ్మ కథ చెబుతోంది: హలీమా తల్లి ముసలిదై, కరువొచ్చి, పెద్దవాడైన బిడ్డ దగ్గరికి వచ్చింది. ఆయన లేచి “అమ్మా, అమ్మా” అంటూ తన పైబట్ట తీసి ఆమె కూర్చోవడానికి పరిచారు. సరిగ్గా అప్పుడే చిట్టెమ్మ వచ్చింది. పండగకని కొర్రమీనులు తెచ్చింది, దోనె దిగి తిన్నగా రావడంవల్ల చీర మోకాళ్ళదాకా తడిసి, పాదాలకి బురద. అరుగు దగ్గరే ఆగిపోయింది.

ఏలూరు నుంచి వచ్చిన మా మేనత్త గుమ్మం దగ్గర నాన్నతో గొంతు తగ్గించి అంది: “పండగపూట ఈ చేపల కంపేంట్రా? ఆకులో ఏదన్నా పెట్టి అక్కణ్ణుంచే పంపెయ్. పిల్ల పెద్దదవుతోంది, ఇంక లంకకి పంపకు. అమ్మా అని కూడా పిలిపించుకుంటోంది, ఏం బావుంది చెప్పు?”

నాన్న నేలచూపులు చూశాడు. ఆయన మెత్తటి మనిషి, అక్క మాట కాదనలేడు. వేసవి సెలవులు, దోనె, పొయ్యి పక్క చోటు, అన్నీ పోతున్నాయని నాకు అర్థమైంది. చాపలన్నిటిమీదా జనం. కంటికి కనిపించిన గుడ్డ ఒక్కటే. పూలు కింద పడేసి, చాదర్ లాక్కెళ్ళి అరుగుమీద పరిచి “కూర్చోమ్మా” అని చిట్టెమ్మ చెయ్యి పట్టి లాగాను. అదేమిటో పాపం ఆమెకి తెలియదు. పిల్ల సరదా పడుతోందని కూర్చుంది.

అత్త పరుగెత్తుకొచ్చి నా రెక్క పట్టుకుంది. “దర్గాకి పంపేదే అది! ఓసి నీ దుంపతెగ!” చిట్టెమ్మ బిత్తరపోయి లేవబోయింది.

“వదిలెయ్యవే. కూర్చోనీ,” అంది నాన్నమ్మ లోపలినుంచి.

తాతగారి కథలోని ఆ మాటలు మేమంతా ముందురోజు సాయంత్రమే విని ఉన్నాం. నాన్నమ్మ మోకాళ్ళ నెప్పులతో లేచొచ్చి, మలీదా పళ్ళెం చిట్టెమ్మ ముందు పెట్టి, దర్గాకి ఇంకో చాదర్ కొనమని నాన్నకి చెప్పింది. అత్త ఆ పూట భోంచెయ్యకుండానే ఏలూరు బస్సెక్కింది. అత్త గుమ్మం దగ్గర అన్న మాట చిట్టెమ్మకి వినపడి ఉండదని అందరం అనుకున్నాం. ఆ వేసవిలో, ఆ తరవాత చాలా వేసవుల్లో, నేను లంకకి వెళ్ళాను. ప్రవక్తగారి చిన్నతనం చదివితే ఏమొస్తుందని ఇప్పుడెవరైనా అడిగితే, నాకు మా అమ్మ దక్కింది అంటాను.

నాన్నమ్మ లేదు. దూది ఏకే విల్లు చప్పుడు లేదు, మా కొట్టు ఉన్నచోట చేపలమేత అమ్ముతున్నారు. లంక చుట్టూ చెరువుగట్లు, వాటిమీద ఐసులారీలు. కిక్కిసా లేదు, తాటిదోనెలూ లేవు. ఇంకొకరి బిడ్డకి పాలిచ్చే తల్లినైతే నేను మళ్ళీ చూడలేదు.

మొన్న చిట్టెమ్మకి ఏలూరులో కంటి ఆపరేషన్ చేయించి గూడెంలో మా ఇంటికి తీసుకొచ్చాను. ఆదివారం, పిల్లలున్నారు. చదువుతూ హలీమా తల్లి కథ దగ్గరికి వచ్చాం. “తరవాత ఆవిడేమైందండీ?” అని ఒక పిల్ల అడిగింది. పుస్తకం మూసి, పెట్టెలోంచి చాదర్ తీసి దివాన్ మీద పరిచి, కట్టుకట్టిన కన్నుతో నిలబడ్డ చిట్టెమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఆమె వంగి జరీ తడిమింది. చీర కుచ్చిళ్ళు పట్టుకుని తడి ఉందేమోనని చూసుకుంది.

“కూర్చోనా అమ్మా?” అంది. “ఇప్పుడు చేపల కంపు రాదులే.”